ఇంకా గంటా నాలుగు నిమిషాలు

ముందు సీటు వీపుకున్న చిన్న తెర మీద తెల్ల విమానం బొమ్మ సముద్రం దాటి నేల మీదికి వచ్చింది, దాని కింద ఇంకా గంటా నాలుగు నిమిషాలు అని పడుతోంది, మొదట ఇంగ్లీషులో, తర్వాత అరబ్బీలో, తర్వాత హిందీలో, ఏ భాషలో చూసినా అదే గంటా నాలుగు నిమిషాలు. అంటే ఇంకో గంటా నాలుగు నిమిషాల దాకా నా పెళ్లాం జమున బతికుందని నమ్మడానికీ లేదు, పోయిందని ఏడవడానికీ లేదు, బెల్టు పెట్టుకొని కూర్చోవాలి, అంతే. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు రెండున్నర వేల కిలోమీటర్లు, అటూ ఇటూగా మూడు గంటల నలభై నిమిషాలు. మా లేబర్ క్యాంపులో ఎవరిని అడిగినా మొగిలన్నను అడుగు అంటారు, టికెట్ల సంగతి, సామాను బరువు సంగతి, ఏ విమానం ఎక్కడ ఆగుతుందన్న సంగతి అన్నీ నాకే తెలుసు, పద్దెనిమిదేళ్లుగా వస్తూ పోతూ ఉన్నవాణ్ని. కొత్తగా వచ్చి మొహం వేలాడేసుకున్న వాళ్లకు నేనే చెప్పేవాణ్ని, ఎంత దూరంరా, మెట్‌పల్లిల బస్సెక్కి నిర్మల్ మీదికెల్లి ఆదిలాబాద్ పోయినంత సేపు, గంతే అని. ఎంత సులువుగా చెప్పేవాణ్ని! ఈ పూట ఆ బస్సు ఎంతకూ నిర్మల్ దాటడం లేదు.

నిన్న సాయంత్రం నా గదిలోనే ఉండే అంబదాస్ చెప్పింది ఒకే ఒక్క ముక్క, వదిన సీరియస్‌గుంది, కరీంనగర్‌ల దవాఖాన్ల పెట్టిండ్రు, పొద్దుగాల ఫ్లైట్‌కు పో అని. సీరియస్! ఆ మాట నాకు చెబుతాడా, నాకు! మా క్యాంపులో ఆ మాటను అరగదీసిందే నేను కదా. మా దిక్కు ఇదొక పద్ధతి, పరదేశంలో ఉన్నవాడికి ఇంట్లో చావు కబురు సూటిగా చెప్పరు, దారిలో ఒక్కడే కూర్చొని ఏమైపోతాడోనని భయం. ఇంటివాళ్లు ఫోన్ వాడికి చేయరు, గదిలో పెద్దవాడికి చేస్తారు, మా గదిలో ఆ పెద్దరికం నాది. ఫోన్ పెట్టేశాక నేను మొహం కడుక్కొని వచ్చి ముందు వాడిచేత అన్నం తినిపిస్తాను, ఎందుకంటే విషయం తెలిశాక రెండు రోజులు మెతుకు దిగదు. తర్వాత, రీచార్జి చేయిస్తాను తే అని వాడి ఫోన్ తీసుకుంటాను, ఊరి వాట్సాప్ గ్రూపులో దండేసిన ఫొటో ఎప్పుడు పడుతుందో తెలియదు కదా. అప్పుడు చెబుతాను, మీ బాపుకు జర సీరియస్‌గుందిరా, ఐసీయూల పెట్టిండ్రు, ఆపరేషన్ అంటుండ్రట, నీ సంతకం గావాల్నట, జల్ది పో అని. ఆ ఆపరేషన్, ఆ సంతకం నేను సొంతంగా కలిపినవి. తన చేతిలో ఇంకా ఏదో పని మిగిలి ఉందనుకుంటే మనిషి కాళ్ల మీద నిలబడి ఇమిగ్రేషన్ లైను దాటుతాడు, అది నా అనుభవం. పదకొండు మందిని అట్లా విమానం ఎక్కించాను. ఒక్కడంటే ఒక్కడు కూడా దారిలో పడిపోలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ని, సిగ్గులేకుండా.

ఆ పదకొండు మందిలో అంబదాస్ ఐదోవాడు. ఆదిలాబాద్ మనిషి, ఇంట్లో మరాఠీ, బయట తెలుగు, కోపం వస్తే రెండూ కలిసిపోతాయి, అందరిలాగా నన్ను అన్నా అనడు, భావూ అంటాడు. వాళ్ల ఆయి, అంటే వాళ్ల అమ్మ, జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే మనిషి, ఆమె పోయినప్పుడు నేనే వాడికి కడుపునిండా పెట్టి, ఫోన్ గుంజుకొని, సంతకం కావాలట పోరా అని పంపాను. తిరిగొచ్చాక రెండు నెలలు నాతో మాట్లాడలేదు, ఒకే గది, ఒకే పొయ్యి, పై మంచం వాడిది, కింది మంచం నాది, అయినా మాట లేదు. ఒక శుక్రవారం బట్టలు పిండుతూ తనంతట తనే అన్నాడు, "భావూ, ఫ్లైట్ల కూసున్నంత సేపు నేను మొక్కులు మొక్కుకుంట పోయిన. బతికియ్యి, అది జేస్త, ఇది జేస్త అని. అప్పటికే మా ఆయి సచ్చి పూట దాటింది. నాతోని ఉత్త మొక్కులు మొక్కిచ్చినవ్ గదా నువ్వు." నేను ఏదో సర్దిచెప్పబోయాను, వినలేదు. "నేనైతే ఎవ్వనికి గిట్ల చెప్ప. ఉన్నదున్నట్టు చెప్త" అని బకెట్ తీసుకొని పోయాడు. చిన్నవాడివి, నీకు తెలియదులే అనుకున్నాను అప్పుడు.

నిన్న పని అయిపోయి నేను కంపెనీ బస్సు దిగేసరికి ఆ అంబదాసే గది బయట నిలబడి ఉన్నాడు. లోపల కంచంలో అన్నం వడ్డించి ఉంది, పైన మూత వేసి ఉంది. "ముందుగాల తిను భావూ" అన్నాడు. అంతే. ఆ కంచం చూశాక ఇంకా చెప్పేదేముంది, వినేదేముంది? నేను మెతుకులు కెలుకుతుంటే వాడు గోడకు ఆనుకొని చెప్పుకొచ్చాడు, జమున ఇంట్లో పడిపోయిందట, నరేశ్ ఫోన్ చేశాడట. నరేశ్ నా బామ్మర్ది, జమున తమ్ముడు, మరి సొంత బామ్మర్ది నాకు చేయకుండా వీడికెందుకు చేసినట్టు? నా ఫోన్ పొద్దంతా సైటు లాకర్‌లో పడి ఉందట, ఎత్తలేదట, అందుకని. బాగుంది, నేనైనా అదే చెప్పేవాణ్ని. "నీ కండ్లల్ల చూసి చెప్తున్న భావూ, వదిన బతికే ఉంది. నేను నీకు అబద్ధం చెప్తలేను" అన్నాడు. నేనూ పదకొండు మంది కళ్లలోకి చూసే చెప్పాను కదరా! ఆ మాట పైకి అనలేదు. ఏడవలేదు కూడా. నేను ఏడిస్తే వాడి అబద్ధం పాడైపోతుంది, పాపం అంత కష్టపడి చెబుతున్నాడు అనిపించింది. కావాలంటే నవ్వండి, పెళ్లాం పోయిందనుకున్న మనిషి ఎదుటివాడి అబద్ధానికి కాపలా కాస్తూ కూర్చున్నాడు.

"ఇంకెంతసేపు తమ్మీ?" పక్క సీటులో శంకరవ్వ. మంచిర్యాల ఆమె, ఆరేళ్లు అరబ్బుల ఇంట్లో వంట చేసి మొదటిసారి ఇంటికి పోతోంది, ఎక్కినప్పటినుంచి ఇది పదోసారి అడగడం. యాభై ఒక్క నిమిషం అన్నాను. "ఇందాక అడిగితె గూడ గట్లనే అన్నవ్." ఇందాక యాభై మూడు అన్నానమ్మా, రెండు నిమిషాలు తగ్గింది, నేనేం చేయను, నేనా తోలేది? గట్టిగానే వచ్చింది గొంతు. ఆమె ఏమీ అనుకోలేదు, నా ముందు చల్లారిపోయిన అన్నం పెట్టెను చూసింది, నా మొహం చూసింది. "ఇంటికాడ ఏమన్న అయిందా తమ్మీ?" అంది మెల్లగా. మా ఆమెకు బాగలేదు అన్నాను. అట్లనా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు కూడా తెలుసు, గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో విమానం ఎక్కే మొగవాడికి బాగలేదు అంటే ఏమిటో అందరికీ తెలుసు. నాకు ఆమె మీద ఎందుకు అంత కోపం వచ్చిందో, బతికే ఉందమ్మా, బతికే ఉందని అరవాలనిపించింది, కానీ నా అసలు భయం అక్కడే ఉంది.

బతికే ఉంటే ఎట్లా? అదే కదా నన్ను తింటున్నది. పొద్దున దుబాయ్ ఎయిర్‌పోర్టులో, గేటు దగ్గర లైనులో ఉండగా, ఫోన్‌లో మూడు శాతం చార్జింగ్ మిగిలినప్పుడు నరేశ్ చేశాడు. "బావా, తలకాయల నెత్తురు గడ్డకట్టిందట. జల్ది ఆపరేషన్ చెయ్యాలంటుండ్రు. ఏమంటవ్ బావా, చెయ్యమందామా?" వెనక ఎవరో ఏడుస్తున్నారు, స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు, నా బిడ్డ భవ్యశ్రీ గొంతే కావచ్చు. ఆపరేషన్! నా మాట తిరిగొచ్చి నాకే! ఎంత మండిందో నాకు, మంట కూడా కాదు, దొంగను పట్టుకున్నవాడి గర్వం అది, సిగ్గు విడిచి చెబుతున్నాను, గర్వమే. అంబదాసే వీడికి నేర్పి ఉంటాడు, నేను వాడికి నేర్పింది వాడు వీడికి నేర్పాడు, అందరూ కలిసి నాకు అప్పజెబుతున్నారు అనుకున్నాను. అందుకని చాలా మర్యాదగా, పక్కింటి సంగతి మాట్లాడినట్టు అన్నాను, "ఏం చెయ్యొద్దు. నేనొచ్చినంక చూద్దాం. అప్పటిదాంక ఆగుమను." వాడు బావా, బావా అంటూనే ఉన్నాడు, నేను ఫోన్ ఆఫ్ చేసి జేబులో పెట్టుకున్నాను, బోర్డింగ్ పాస్ చింపించుకున్నాను, సీటు వెతుక్కున్నాను, ఇట్లాగే పోయారు కదా ఆ పదకొండు మంది కూడా, ఇప్పుడు నా వంతు అనుకొని కళ్లు మూసుకున్నాను.

మస్కట్ దాటాక కళ్లు తెరిచాను. నిద్ర కాదు, ఏదో ముక్క చెవిలో ఇరుక్కొని ఉంది, అన్నంలో రాయి తగిలినట్టు. ఆపరేషన్ అన్నదానికీ, ఏమంటవ్ అన్నదానికీ మధ్య నరేశ్ ఇంకో మాట అన్నాడు. "తలకాయ ఒక్కదిక్కు ఎంటికలన్ని గీకేసిండ్రు బావా." అప్పుడు నేను వినలేదు, అబద్ధం పట్టుకున్న సంబరంలో ఉన్నాను కదా. ఒక్కదిక్కు వెంట్రుకలు! పదకొండుసార్లు చెప్పాను నేను, ఐసీయూ చెప్పాను, సంతకం చెప్పాను, ఆక్సిజన్ చెప్పాను, వెంట్రుకల సంగతి ఒక్కసారి కూడా నా నోటికి రాలేదు. అబద్ధం చెప్పేవాడు పెద్ద పెద్ద మాటలే చెబుతాడు, చిన్న మాటలు చూసినవాడికే వస్తాయి. ఒకవైపు గీకేసిన తలను నరేశ్ చూశాడు. చూసి, ఏం చెప్పాలో తెలియక అది కూడా చెప్పాడు, వాళ్ల అక్క జుట్టు కదా. జమున జుట్టు నడుము దాటి ఉంటుంది, పొద్దంతా బీడీలు చుట్టి, తునికాకు చాట పక్కన పెట్టి, కొబ్బరినూనె రాసుకొని దువ్వుకుంటుంది, ఎంత నూనె రాసినా పొగాకు వాసన పోదు, ఆ వాసన నాకు దుబాయ్‌లో ఎక్కడైనా సిగరెట్ పొట్లం విప్పితే చాలు గుప్పున వస్తుంది. చచ్చిన మనిషికి ఒకవైపు జుట్టు గీకరు. బతికిన మనిషికే, ఆపరేషన్‌కు తయారుచేసే మనిషికే గీకుతారు. అంటే అంబదాస్ నిజం చెప్పాడు. నరేశ్ నిజం చెప్పాడు. అందరూ నిజమే చెప్పారు, ఆగుమను అన్నది నేను.

నలభై నిమిషాలు. తలుపు తీయరాదు, కిటికీ తీయరాదు, ఫోన్ కలవదు. లేచి నిలబడితే ఎయిర్‌హోస్టెస్ వచ్చి నవ్వుతూ కూర్చోబెట్టింది. ఏమైనా కావాలా సార్ అంటే ఏం చెప్పను, కరీంనగర్‌కు ఒక్క మాట పంపాలమ్మా, చేయమనండి, ఇప్పుడే చేయమనండి అని చెప్పాలి, నీళ్లు అన్నాను. నరేశ్ నా మాట దాటడు, అదే నా భయం. నాకన్నా పదేళ్లు చిన్నవాడు, వాడికి పెళ్లి చేసింది నేనే, బావ చెప్పిండు అంటే వాడికి ఇక రెండో మాట లేదు, ఇంట్లో అందరికీ అంతే, ఇంటికి రంగు ఏది వేయాలో, భవ్యశ్రీ ఏ కాలేజీలో చేరాలో, రెండున్నర వేల కిలోమీటర్ల అవతల నుంచి నేను చెప్పాలి, వాళ్లు ఆగాలి. జమున గోడకు రెండు గడియారాలు పెట్టింది, ఒకటి మన టైము, ఇంకోటి గంటన్నర వెనక నడుస్తుంది, దుబాయ్ టైము, ఇదేంది ఇది తప్పు నడుస్తుందని చుట్టాలంటే, గది మా ఇంటాయన టైము, గది సూసే మేము అన్ని పనులు జేస్తం అనేదట నవ్వుతూ. ఇప్పుడు కూడా డాక్టర్ ముందు నిలబడి ఉంటారు, మా బావ వస్తుండు సార్, జర ఆగుండ్రి అని. డాక్టర్ ఏమంటాడు? మీ ఇష్టం అని సంతకం పెట్టించుకొని పోతాడు.

రెండు నెలల కింద బట్టలుతికే చాకిబండ దగ్గర కాలు జారి పడ్డానని జమున చెప్పింది, పెద్ద దెబ్బేం కాదని తనే అంది, తర్వాత వీడియో కాల్ చేసినప్పుడల్లా తల మీద చేయి పెట్టుకొని కనిపించేది. తల నొస్తుంది అనేది. ఎండకు తిరిగినవా అనేవాణ్ని, బామ్ రాసుకో, గోలీ ఏసుకొని పండు. ఒకసారి బీడీ చుడుతుంటే చేతిలో ఆకు జారిపోయింది, మళ్లీ తీసింది, మళ్లీ జారింది, నేను తెరలో చూస్తూనే ఉన్నాను, చూసి, ముసలిదానివైనవ్ అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఒక దిక్కుకే వచ్చిందని ఇప్పుడు అనిపిస్తోంది, అప్పుడు నెట్‌వర్క్ బాగాలేదనుకున్నాను. అరేయ్ మొగిలీ, నువ్వు పక్కన ఉంటే కనిపించేది కాదూ! భవ్యశ్రీ ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఫోన్‌లో చూసి చెప్పింది, బాపూ, నీకు మాకు నడుమ మూడున్నర గంటలేనట, నాయినమ్మ ఆదిలాబాద్ పోయి రావాలంటే గంతకన్న ఎక్కువైతది, మరి ఆమె నెలనెల పోయొస్తది, నువ్వెందుకు రావు? నేను నవ్వాను, తెలివిగల పిల్ల అని క్యాంపులో అందరికీ చెప్పుకున్నాను, జవాబు మాత్రం చెప్పలేదు. సెలవు రెండేళ్లకొకసారి బిడ్డా అని చెబితే అయిపోయేది, అది కూడా చెప్పలేదు.

వేములాడ రాజన్నా, కోడెను కడతా, కుటుంబమంతా నీ గుడికి వచ్చి కోడెను కడతా అని మొదలుపెట్టాను, ఆ తర్వాత ఏమని మొక్కాలి? బతికించు అనాలి. అనడానికి నోరు తెరిస్తే లోపల ఇంకోటి ఉంది. నిన్ననే పోయి ఉంటే బాగుండు. నరేశ్ ఫోన్ చేసేనాటికే పోయి ఉంటే బాగుండు, అప్పుడు నా మాటకు విలువ లేదు, ఆగుమన్నా ఆగకున్నా ఒకటే, నా మీదికి ఏమీ రాదు, పన్నెండోవాడిలాగా దిగి, ఏడ్చి, మట్టిలో కలిపి, పదకొండో రోజుకు తిరిగి విమానం ఎక్కవచ్చు. జమున చావాలని కోరుకుంటున్నాను నేను! నా తప్పు తప్పు కాకుండా పోవడానికి! ఛీ. ఇరవై రెండేళ్లు సంసారం చేసిన మనిషి, నేను సెలవులో వస్తే మొదటి నాలుగు రోజులు నా ఎదుట కూర్చొని మాట్లాడడానికి కూడా సిగ్గుపడే మనిషి, ఆమె బతికుందేమోనని నేను భయపడుతున్నాను. పళ్లు బిగించి మళ్లీ మొదలుపెట్టాను, రాజన్నా బతికించు, నేను ఏమైనా ఫరవాలేదు, నరేశ్ నా మొహం మీద ఉమ్మినా ఫరవాలేదు, బిడ్డ నాతో మాట్లాడకున్నా ఫరవాలేదు, బతికించు. అంటున్నాను కానీ లోపల ఆ రెండోది పోలేదు, మూల కూర్చొనే ఉంది. అంబదాస్‌తో నేను ఉత్త మొక్కులు మొక్కించాను, నా మొక్కయితే మొక్కే కాదు.

పదకొండు నిమిషాలు అని చూపించి అంకె ఆగిపోయింది. విమానం బొమ్మ ఒక పక్కకు వంగి, వచ్చిన దిక్కుకే తిరిగింది. హైదరాబాద్ మీద మబ్బులున్నాయని, వరుసలో ముందు ఇంకో నాలుగు విమానాలున్నాయని పైలట్ చెప్పాడు, ఇరవై నిమిషాలు పట్టవచ్చట. ఇరవై నిమిషాలు! పైనుంచి చూస్తే కింద చెరువులు, ఇళ్లు కనిపిస్తున్నాయి, కార్లు కూడా కనిపిస్తున్నాయి, మళ్లీ తెల్లగా మబ్బు, మళ్లీ అవే చెరువులు. ఒక చుట్టు, రెండు చుట్లు. శంకరవ్వ నా చేయి మీద చేయి వేసింది, నేను తీసేయలేదు. "దిగంగనే ఫోన్ చెయ్యి తమ్మీ, నా కాడ ఇక్కడి సిమ్ము ఉన్నది, నా బిడ్డ రీచార్జి చేయిచ్చింది" అంది. నేను అడగకముందే అంది. ఇందాక ఆమె మీద అరిచాను నేను.

చక్రాలు నేలకు తగిలాయి. విమానం ఇంకా పరుగెత్తుతుండగానే ఫోన్ తీసి బొత్తాం నొక్కాను, నల్ల తెర మీద ఖాళీ బ్యాటరీ బొమ్మ పడి పోయింది, మూడు శాతం ఎక్కడికి పోయిందో! నరేశ్ నంబరు అందులోనే ఉంది, భవ్యశ్రీ నంబరు అందులోనే ఉంది, ఒక్కటి కూడా నోటికి రాదు. నోటికి వచ్చే నంబరు ఒక్కటే, పదిహేనేళ్లుగా మార్చనిది, జమునది. శంకరవ్వ తన సంచిలో నుంచి ఫోన్ తీసి ఇచ్చింది, రెండుసార్లు తప్పు కొట్టాను, మూడోసారి కలిసింది. మోగుతోంది. జనం లేచి పైన అరల్లో నుంచి సంచులు లాగుతున్నారు, ఎవరి సంచో నా భుజానికి తగిలింది. మోగుతూనే ఉంది. పోయిన మనిషి ఫోన్ ఎవరి దగ్గర పెడతారు? ఎవరూ ఎత్తకపోతే? ఎత్తితే?

"హలో, ఎవలు?" భవ్యశ్రీ.

"నేను బిడ్డా. బాపును. దిగిన."

"బాపూ" అని ఏడ్చింది. పదకొండు ఇళ్ల ఏడుపులు విన్నవాణ్ని, ఏ ఏడుపుకు ఏ అర్థమో చెప్పగలను అనుకునేవాణ్ని, ఇదేమిటో నాకు తెలియలేదు.

"చెప్పు బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్పు."

"ఆపరేషన్ అయింది బాపూ. బయటికి తెచ్చి గంట దాటింది. కండ్లు తెరిసింది. డాక్టర్ పేరడిగితె చెప్పింది, జమున అని మెల్లగ చెప్పింది." ఆమె ఇంకా ఏదో చెబుతోంది, చేయి కదిలిస్తోందట, నీళ్లు అడిగిందట, నేను సీటు వీపు పట్టుకొని నిలబడ్డాను, గొంతులో నుంచి ఏదో వింత చప్పుడు వచ్చింది, ముందున్నవాడు వెనక్కి తిరిగి చూశాడు.

"మరి నేను ఆగుమన్న గదా?" అన్నాను, ఎందుకు అడిగానో, అడగకుండా ఉంటే అయిపోయేది.

"నువ్వు ఆగుమనేటాళ్లకే అవ్వను లోపలికి తీస్కపోయిండ్రు. సంతకం నేను పెట్టిన. మామ భయపడ్డడు, బావనడగకుంట ఎట్ల అన్నడు. నువ్వు బాధపడ్తవని, పెట్టినంక నిన్ను అడుగుమని నేనే చెప్పిన." ఇరవై ఏళ్ల పిల్ల. నా మాట కోసం ఎవరూ ఆగలేదు, నన్ను అడిగింది మర్యాదకు. ఆ పిల్ల కాళ్లు మొక్కాలనిపించింది, నిజంగా, ఆ నడుమ దారిలోనే కూర్చొని మొక్కాలనిపించింది.

భవ్యశ్రీ అడిగింది. "బాపూ, నువ్వెందుకు ఆగుమన్నవ్?"

జవాబులు నాకు కొత్తవా! సిగ్నల్ లేదు బిడ్డా, సరిగ్గ వినపడలే. పెద్ద డాక్టర్‌కు చూపిద్దామనుకున్న. నువ్వు భయపడ్తవనుకున్న. ఒకదాని వెనక ఒకటి నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి, ఏది తీసుకున్నా నమ్ముతుంది, నా బిడ్డ కదా. దేన్నీ ముట్టుకోలేదు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి కావచ్చు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మీరు అబద్ధం చెప్తున్నరనుకున్న బిడ్డా. మీ అవ్వ అప్పటికే పోయిందనుకున్న."

 అటు ఆసుపత్రిలో ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్నారు, బండి చక్రాల చప్పుడు వినిపిస్తోంది. లైను కట్ అయిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూశాను, కట్ కాలేదు, అంకెలు నడుస్తున్నాయి.

"అవ్వ పోయిందనుకొని" అంది భవ్యశ్రీ, ఏడుపు ఆగిపోయింది ఆమెకు, "గంత నిమ్మళంగ మాట్లాడినవా బాపూ?"

తలుపు తెరిచారు, ముందు వరుసల వాళ్లు దిగుతున్నారు. శంకరవ్వ సంచి భుజాన వేసుకొని, తొందరేం లేదు తమ్మీ, మాట్లాడు అని సైగ చేసింది. అటు నా బిడ్డ ఊపిరి వినిపిస్తోంది, ఫోన్ పెట్టేయలేదు, నేనేమంటానో అని చూస్తోంది.